హెల్త్ ప్రీమియానికి విడిగా లెక్క వేసుకోండి

[టేబుల్ మీద రెండు రెన్యూవల్ కాగితాలు]

నమస్తే. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాను. ఇవి మా అమ్మానాన్నల హెల్త్ పాలసీ కాగితాలు, పండక్కి ఊరెళ్లినప్పుడు తెచ్చాను. ఈ ఏటి ప్రీమియం చుట్టూ నాన్న పెన్సిల్‌తో గీత గీశారు. "ఒక్క క్లెయిమూ పెట్టలేదు కదరా, ఎందుకు పెంచారు?" అన్నారు.

నాన్న అడిగింది న్యాయమే. కానీ ప్రీమియం మన ఒక్కరి ఆరోగ్యాన్ని బట్టి పెరగదు. అందరూ కట్టిన డబ్బులోంచే అందరి ఆసుపత్రి బిల్లులూ కడతారు. బిల్లులు పెరిగితే భారం అందరి మీదా పడుతుంది. దానికితోడు వయసు స్లాబు (కంపెనీ ధర వేసే వయసు గుంపు) మారితే ఇంకో పెంపు.

స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ఈ బీమా అందరికీ తప్పనిసరి. అక్కడా సగటు ప్రీమియం 2024లో 8.7 శాతం, 2025లో 6 శాతం, 2026లో 4.4 శాతం పెరిగింది. మనకు అలాంటి చట్టం లేదు. కానీ షుగరు, బీపీ వచ్చాక పాత పాలసీ వదిలేస్తే కొత్తది దొరకడం కష్టం. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటాం, ఉద్యోగం పోతే అదీ పోతుంది. అంటే మనకూ తప్పనిసరి ఖర్చే.

[స్క్రీన్ మీద: 30,000]

నా పాలసీకి ఏటా 30,000. బియ్యం, పాల ధరల్లాగే 6 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే 20 ఏళ్లకు 96,000 అవుతుంది. అదే 10 శాతమైతే 2 లక్షలు దాటుతుంది! రిటైర్మెంట్ ప్లాన్‌లో చాలామంది అన్నిటికీ 6 శాతమే వేస్తారు. దయచేసి దీనికి మాత్రం వేరే వరుస పెట్టండి.

60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. మంచిదే. అయినా ఏటా 10 శాతం పెరిగినా ఏడెనిమిదేళ్లలో రెట్టింపే.

7 శాతం ఎఫ్‌డీ మీద పన్ను పోగా మిగిలేది ఈ పరుగును అందుకోలేదు. అందుకే రిటైరయ్యాక ప్రీమియం కోసం దాచే డబ్బులో మూడు నాలుగేళ్ల ప్రీమియం ఎఫ్‌డీలో ఉంచి, మిగతాది నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లే కొనే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాలన్నది నా అభిప్రాయం. "అయితే ఇన్సూరెన్స్ షేర్లు కొందామా?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. ప్రీమియంతో పాటు క్లెయిములూ పెరుగుతున్నాయి, తొందరపడకండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. నాకు 5,400 మిగిలింది. నెలకు 450 చొప్పున దాన్నే ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్‌లో వేస్తున్నాను. నాన్నకు చెబితే, పెన్సిల్ గీత పక్కనే ఆ అంకె కూడా రాసుకున్నారు.