చేయించుకోకుండా పోవడం: బ్రిటన్ సహాయక మరణ చర్చ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మరణం దగ్గరపడిన వయోజనులు వైద్యుల సాయంతో జీవితాన్ని ముగించుకోవడానికి వీలు కల్పించే బిల్లును 2025 జూన్ 20న బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ 314–291 ఓట్లతో ఆమోదించింది. ఇంగ్లండ్‌లో ఉపశమన చికిత్స, అంటే నయం కాని జబ్బులో నొప్పిని, బాధను తగ్గించే వైద్యం చేసే వైద్యురాలిగా పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, దీన్ని మనవాళ్ళు చాలామంది "కారుణ్య మరణం" అంటున్నారు. ఆ మాట సరిపోతుందా?

డాక్టర్: సరిపోదండీ. కారుణ్య మరణం అనగానే వైద్యుడే సూది వేసి ప్రాణం తీస్తాడన్న అర్థం వస్తుంది. ఈ బిల్లు ప్రకారం మందును రోగి స్వయంగా తీసుకోవాలి. ఆరు నెలల్లోపు మరణించవచ్చని వైద్యులు అంచనా వేసిన, 18 ఏళ్లు నిండిన వ్యక్తికే ఇది వర్తిస్తుంది. ఇద్దరు వైద్యులు విడివిడిగా పరీక్షించిన తర్వాత, ఒక న్యాయ నిపుణుడు, ఒక మానసిక వైద్యుడు, ఒక సోషల్ వర్కర్ ఉన్న సంఘం అనుమతించాలి. మొదటి ముసాయిదాలో ఆ అనుమతి హైకోర్టు న్యాయమూర్తి ఇవ్వవలసి ఉండేది. పరిశీలన దశలో దాన్ని మార్చారు. 2024 నవంబరులో కామన్స్‌లో జరిగిన తొలి ఓటింగ్‌లో 55 ఓట్లున్న ఆధిక్యం జూన్ నాటికి 23కు తగ్గడానికి ఆ మార్పు కూడా ఒక కారణమని నేను అనుకుంటున్నాను. మానసిక వైద్యుల వృత్తి సంస్థ అయిన రాయల్ కాలేజీ సైతం ఆ రూపంలో బిల్లును సమర్థించలేమని 2025 మేలో ప్రకటించింది.

వ్యాఖ్యాత: ప్రభుత్వం ఎటువైపు నిలిచింది?

డాక్టర్: ఎటూ నిలవలేదు. ఇది కిమ్ లెడ్‌బీటర్ అనే లేబర్ పార్టీ సభ్యురాలు సొంతంగా తెచ్చిన బిల్లు కాబట్టి, ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు ఓటు వేశారు. అప్పుడు ప్రధానిగా ఉన్న కీర్ స్టార్మర్ అనుకూలంగా వేశారు. చట్టం అయితే దాన్ని అమలు చేయవలసింది ఆరోగ్య మంత్రి; అప్పుడు ఆ పదవిలో ఉన్న వెస్ స్ట్రీటింగ్ వ్యతిరేకంగా వేశారు. ఉపశమన చికిత్స అందరికీ సరిగా అందనప్పుడు రోగి చేసుకునేది నిజమైన ఎంపిక ఎలా అవుతుందన్నది ఆయన ప్రధాన అభ్యంతరం. నా ఆందోళన కూడా అక్కడే ఉంది.

వ్యాఖ్యాత: అది కొంచెం వివరంగా చెప్పండి.

డాక్టర్: మరణం దగ్గరపడిన రోగులను చూసుకునే ఆధునిక హాస్పిస్ పుట్టింది ఈ దేశంలోనే. మొదట నర్సుగా, ఆ తర్వాత వైద్యురాలిగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. ప్రాణం పోయేవాడి నొప్పి ఒంట్లో మాత్రమే ఉండదని, ఇంటి గురించిన బెంగ, డబ్బు గురించిన భయం, దేవుడితో తేలని లెక్క అన్నీ కలిసి ఆ నొప్పి అవుతాయని ఆమె బోధించారు. అలాంటి దేశంలో, పెద్దల హాస్పిస్‌లకు అయ్యే ఖర్చులో ప్రభుత్వం ఇచ్చేది సుమారు మూడో వంతు మాత్రమే. మిగిలినదంతా పాత బట్టలు అమ్మే దుకాణాల నుంచి, వీలునామాల నుంచి, విరాళాల కోసం జనం పరుగెత్తే పరుగు పందేల నుంచి రావాలి. 2024 డిసెంబరులో ఇంగ్లండ్ హాస్పిస్‌లకు ప్రకటించిన 10 కోట్ల పౌండ్లు భవనాలకు, పరికరాలకు ఉద్దేశించినవి. ఆ డబ్బుతో రాత్రి నర్సుకు జీతం ఇవ్వలేరు. పైగా 2025 ఏప్రిల్‌లో ఉద్యోగుల జీతాల మీద యజమానులు ప్రభుత్వానికి చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ చందా పెరగడంతో ఆ జీతాల భారం మరింత పెరిగింది. సహాయక మరణాన్ని ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ద్వారా ఉచితంగా అందించే మార్గాన్ని ఈ బిల్లు తెరుస్తుండగా, చావుకు ముందు నొప్పి తగ్గించే సేవ మాత్రం విరాళాల మీద ఆధారపడి ఉండడం నాకు మింగుడు పడడం లేదు.

వ్యాఖ్యాత: అంటే మీరు బిల్లుకు వ్యతిరేకులా?

డాక్టర్: అంత తేలిగ్గా చెప్పలేను. మా చేతిలో ఉన్నదంతా చేసినా బాధ తగ్గని ఒక పెద్దాయనను నేను చూశాను. ఆయన భార్య నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటి చట్టం ప్రకారం ఆమె తన భర్త ప్రాణం తీసుకోవడానికి సాయం చేసి ఉంటే, 1961 నాటి ఆత్మహత్యల చట్టం కింద 14 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ భయంతో ఒక కుటుంబం చివరి రోజులు గడపడం న్యాయమని నేను అనను. అయితే "చచ్చిపోతాను డాక్టర్" అని పట్టుబట్టి, నొప్పి తగ్గించే మార్ఫిన్ మోతాదు సరిచేసి రెండు రాత్రులు నిద్రపట్టిన తర్వాత, మనవరాలిని చూడాలని కబురు పెట్టించిన మనిషినీ చూశాను.

వ్యాఖ్యాత: మన పెద్దలు "ఒకరిచేత చేయించుకోకుండా పోతే చాలు" అంటూ ఉంటారు కదా.

డాక్టర్: ఆ మాటే నన్ను వెంటాడుతుంది. మా అమ్మమ్మ రోజూ దేవుడి ముందు అనాయాస మరణమే కోరుకునేది. అది ప్రార్థనగా ఉన్నంతవరకు అందంగా ఉంటుంది. అదే మాట ఒక దరఖాస్తుగా మారినప్పుడు, అది ఆమె కోరికో, కోడలి ముఖంలో అలసట చూసి పుట్టిన సంకోచమో ఎవరు తేలుస్తారు? ఎవరూ బలవంతం చేయనక్కరలేదు. బరువైపోయానన్న తలంపే చాలు. ఇది మన ఇళ్లకే పరిమితం కాదు, నా ఇంగ్లీషు రోగులు కూడా సరిగ్గా అదే అంటారు. 2002 జనవరిలో పసికందును పోగొట్టుకున్న మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్, ఆ అనుభవం తనకు నేర్పింది మంచి ఉపశమన చికిత్స విలువేనని చెబుతూ ఈ బిల్లును వ్యతిరేకించారు.

వ్యాఖ్యాత: పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్‌లో ఈ బిల్లుకు వెయ్యికి పైగా సవరణలు వచ్చాయి. మీకు ఒక్క సవరణ చేర్చే వీలుంటే ఏది చేర్చేవారు?

డాక్టర్: శనివారం అర్ధరాత్రి రెండు గంటలకు నొప్పితో లేచిన మనిషి ఏ ఊళ్లో ఉన్నా, ఫోను చేస్తే ఎత్తే నర్సు, గంటలోపు ఇంటికి చేరే మార్ఫిన్ ఉన్నాయని ఆరోగ్య మంత్రి పార్లమెంటుకు రాతపూర్వకంగా చెప్పేదాకా, సహాయక మరణానికి సంబంధించిన నిబంధనలు అమలులోకి రాకూడదని చేర్చేదాన్ని.