కాలువ పని అయిపోయాక వచ్చినవాళ్ళు
(సంఘ వార్షికోత్సవ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువునందు ప్రియమైన పాస్టరుగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన సహోదరీ సహోదరులకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు వందనాలు. మంచి పాటలు పాడిన యౌవనస్థులకు కూడా వందనాలు. ఇంకా పేరుపేరునా చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. సమయం తక్కువ, క్షమించండి.

పెద్దలు నాకిచ్చిన అంశం మన విశ్వాసంలోని మూల సిద్ధాంతాలు. కాగితం మీద ఐదు రాసిచ్చారు. పరిశుద్ధ గ్రంథమే మనకు ప్రమాణం. దేవుడు త్రియేకుడు, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒక్క దేవుడు. క్రీస్తు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి మూడో రోజున లేచాడు. విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ. ప్రభువు మళ్ళీ వస్తాడు. మొదటి రెండింటి మీద మన మధ్య తగాదా లేదు. సండే స్కూలు పిల్లవాడిని అడిగినా చెప్తాడు. నేను నాలుగో దాని దగ్గర ఆగుతాను, ఎందుకంటే మన చేతుల్లోంచి జారిపోతున్నది అదే.

బైబిళ్ళు తీయండి. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం, ఎనిమిది, తొమ్మిది వచనాలు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." ఈ వచనం మీలో చాలామందికి కంఠతా వచ్చు. నోటికొచ్చిన ఆ మాటను నమ్ముతున్నామా? నా ప్రశ్న అదే.

మన ప్రాంతంలోనే జరిగిన సంగతి చెప్తాను. ఒంగోలులో 1867 జనవరి 1న సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మంది. పదకొండేళ్ళ తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనం ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. దాని ముందు ఏం జరిగిందో మాత్రం చెప్పుకోం.

1876లో వానలు లేవు. ఆ మరుసటి ఏడూ అంతే. ముసలివాళ్ళు ధాత కరువు అనేది దాన్నే. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఈ సేవలోకి రాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేల మంది అక్కడికి చేరారు. మన బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి పని, విరామంలో వాక్యం. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి." అప్పుడే తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ వచనం విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. 1877లో ఆపేసిన బాప్తిస్మాలు సుమారు పదిహేను నెలలు ఆపే ఉంచారు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పకూడదని. ఆలోచించండి, మిషనరీకి అంతకంటే అనువైన సమయం ఏముంటుంది? చెయ్యి చాపి నిలబడ్డ జనం ముందున్నారు. లెక్క పెంచి అమెరికాకు రిపోర్టు పంపుకోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు.

కాలువ పని అయిపోయింది. 1878 వేసవి చివర్లో జనం మళ్ళీ వచ్చారు. మా దగ్గర ఇక పని లేదు, పంచడానికి డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అన్నాడు దొర. వాళ్ళు కదల్లేదు. వాళ్ళిచ్చిన జవాబు దొర చెప్పుకున్న జ్ఞాపకాల్లో ఉంది. దాని భావం ఇది: మాకు సాయం వద్దు, మా చేతుల మీద బొబ్బలు చూడండి, కష్టపడి బతుకుతాం, ఈ పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం, ఈసారి కాదనకండి.

అప్పుడు ఇచ్చారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు.

కూటి కోసం మతం మారారు అని మన తాతల్ని ఇప్పటికీ అంటుంటారు. విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. కూడు పెట్టిన రోజుల్లో బాప్తిస్మం ఇవ్వలేదయ్యా! కూడు ఆగిపోయాక వచ్చినవాళ్ళు వాళ్ళు. ఈ ముక్క మీ పిల్లలకు చెప్పండి. దయచేసి చెప్పండి.

నేను ఈ కథ ఎత్తుకున్నది మన గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏముంది? భూమి లేదు, చదువు లేదు, ఊళ్ళో నీళ్ళ బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు లేరు. దేవుడికి చూపించడానికి ఏమీ లేని మనుషులు వట్టి చేతులతో వచ్చారు. కృప అంటే అదే. సిలువ మీద వెల చెల్లించింది ఆయన. మనం చెల్లించడానికి మిగిలింది లేదు. ఐదింటిలో మూడోది కూడా ఇందులోనే చెప్పేశాను.

ఇప్పుడు మన కాలానికి రండి. మా చెల్లెలి భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మన జిల్లా పడమటి పల్లెల్లో ఆ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు చెప్పక్కర్లేదు. వారానికి రెండు డయాలసిస్‌లు, బస్సు ప్రయాణాలు, అప్పులు. ఆ టెన్షన్‌లో ఎవరో చెప్తే ఒక పెద్ద సభకు వెళ్ళారు. అక్కడ కానుక డబ్బు పెట్టడానికి కవర్లు పంచారు. మీ విశ్వాసం ఎంతో అంత విత్తనం వేయండి, స్వస్థత కోస్తారు అన్నారు. మా చెల్లెలు చెవికమ్మలు అమ్మి ఆ కవరులో పెట్టింది. నాలుగు నెలలకు ఆయన చనిపోయాడు. ఏమిటిలా అయిందని అడగడానికి వెళితే ఆమెతో ఏమన్నారో తెలుసా? "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అన్నారు.

భర్తను పోగొట్టుకున్న మనిషితో అనే మాటేనా అది? మొగుణ్ణి నేనే చంపుకున్నానా అన్నయ్యా అని ఆమె నన్ను అడిగింది. సువార్త విన్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. రోగుల కోసం ప్రార్థన చేయమని యాకోబు రాశాడు, చేద్దాం, మోకాళ్ళ మీద చేద్దాం. నేనూ ఆయన కోసం చేశాను. దేవుడు బాగుచేస్తాడు, ఒక్కోసారి బాగుచేయకుండానే తన దగ్గరికి తీసుకుంటాడు. అయితే విశ్వాసాన్ని రూపాయిల్లో తూచి, తక్కువైందని తోసేయడం దేవుని వరాన్ని సంతలో సరుకు చేయడమే. విశ్వాసం దేవుడికి మనం కట్టే వెల కాదు, ఆయన ఇచ్చేది అందుకునే వట్టి చెయ్యి. మా చెల్లెలి విశ్వాసం ఆవగింజంతే అనుకోండి. రక్షించేది ఆ గింజ కాదు, క్రీస్తు.

ఇంకో మాట చెప్పక తప్పదు. ఒంగోలులో మొదటి రోజుల్లో పెద్ద కులాల వాళ్ళు కొందరు సంఘంలోకి రావడానికి సిద్ధపడ్డారు. అదే సమయంలో మాదిగలు వచ్చారు. తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య ద్వారా సువార్త విన్నవాళ్ళు. వీళ్ళను చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్ద కులాల వాళ్ళు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో వాక్యం తీస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి 1 కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చింది. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. వచ్చినవాళ్ళను చేర్చుకున్నారు. "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి" అని రోమా పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. మరి మన పెళ్ళి సంబంధాల దగ్గర, మన సమాధుల దొడ్లో భేదం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సంఘంలో లేదని ఎవరైనా లేచి చెప్పగలరా?

యౌవనస్థులారా, మీకు ఒక్క మాట. మీ తాత గుండ్లకమ్మలో మునిగాడని మీరు రక్షణ పొందరు. క్రొత్తగా జన్మించాలని ప్రభువు చెప్పింది నికొదేముతో, వాక్యమంతా తెలిసిన మనిషితో. మీ పాపం మీరు ఒప్పుకోవాలి, మీరే ఆయనను నమ్మాలి.

పెద్దలకు నా విన్నపం. వచ్చే నెల బాప్తిస్మాలున్నాయని విన్నాను. పేర్లు రాసుకున్న ప్రతి ఒక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. ఎందుకు తీసుకుంటున్నావు, పెళ్ళి కోసమా, సర్టిఫికెట్ కోసమా, ఉద్యోగం వస్తుందనా? సిలువలో నీ కోసం ఏం జరిగిందని నమ్ముతున్నావు? తడబడితే మూడు నెలలు నేర్పండి, తర్వాత ఇవ్వండి. కరువులో పదిహేను నెలలు ఆగిన సంఘం మనది. ఈ గుడిలో కవర్లు పంచనని పాస్టరుగారు ఇందాక నాతో అన్నారు, దేవునికి స్తోత్రం. కమిటీ తీర్మానంగా కూడా అది రాసి పెట్టండి.

ప్రభువు రాకడ గురించి చెప్పడానికి సమయం లేదు, శుక్రవారం కూడికలో పాస్టరుగారు చెప్తారు. మాట్లాడాలనుకున్నవాళ్ళు భోజనాల తర్వాత ఉండండి, నేను చివరి బస్సు దాకా ఇక్కడే ఉంటాను. ఇప్పుడు అందరం లేచి ప్రార్థన చేద్దాం.