పొయ్యి మీద వేలాడే చెక్క చేప

[చేపను దగ్గరగా చూపించాలి]

ఈ చేపను చూడండి. ఎంత నల్లగా నిగనిగలాడుతోందో! ఇనుముతో పోత పోశారేమో అనిపిస్తుంది కానీ ఇది చెక్క. ఈ నలుపు ఎవరూ వేసిన రంగు కాదు, ఏళ్ల తరబడి పట్టిన పొగ.

జపాన్ పల్లెల్లో పాత ఇళ్లలో నేలలోనే చదరంగా ఒక నిప్పుల గుంట ఉండేది, దాని పేరు ఇరోరి. వంట దాని మీదే, చలి కాచుకోవడం దాని చుట్టూనే. వంట పాత్ర పైదూలం నుంచి ఒక కొక్కేనికి వేలాడుతుంది. ఆ కొక్కెం జిజైకాగి. జిజై అంటే మనకు కావలసినట్టు, కాగి అంటే కొక్కెం.

[వెదురు గొట్టం, కడ్డీ, చేప కలిసి కనిపించాలి]

పైనుంచి ఒక వెదురు గొట్టం దిగుతుంది, దాని లోపల ఒక కడ్డీ, కడ్డీ చివర కొక్కెం. ఆ కడ్డీ జారకుండా పట్టి ఆపేదే ఈ చేప. చేప ఒంట్లో ఒక రంధ్రం ఉంటుంది, కడ్డీ అందులోంచి వెళ్తుంది, చేప రెండో కొసను తాడుతో పైకి కడతారు. పాత్ర బరువుకి చేప ఏటవాలుగా వాలి, రంధ్రం అంచులు కడ్డీని గట్టిగా పట్టేస్తాయి. బరువు పెరిగేకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది! చేపను కాస్త సరిచేస్తే పట్టు వదులుతుంది, అప్పుడు పాత్రను పైకో కిందికో జరుపుకోవచ్చు. మంట తగ్గించాలంటే పాత్రను పైకి లేపడమే.

మరి చేపే ఎందుకు? ఇల్లంతా చెక్క, గడ్డి కప్పు, మధ్యలో నిప్పు. చేప నీళ్లలో ఉండేది కాబట్టి ఇంటిని అగ్గి నుంచి కాపాడుతుందని నమ్మకం.

కొన్ని ప్రాంతాల్లో పైన దూలానికి కట్టే పెద్ద కొక్కేలకు దేవుళ్ల పేర్లే పెట్టుకున్నారు, ఒకటి ఎబిసు, ఇంకొకటి దైకోకు. ఈ దైకోకు ఎవరో కాదు, మన మహాకాళుడే. బౌద్ధంతో పాటు అక్కడికి వెళ్లి, బియ్యం బస్తాల మీద నిలబడి నవ్వే వంటింటి దేవుడయ్యాడు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇలాంటి చేపలను చెక్కినవాళ్లు చాలావరకు పేరు చెక్కుకోలేదు. ఇలాంటి రోజువారీ వస్తువుల్లోనే అసలైన అందం ఉందని జపాన్ ఆలోచనాపరుడు యనగి సోఎత్సు, ఆయన మిత్రులు 1925లో మిన్‌గేయ్ అనే జపనీస్ మాట పుట్టించారు, అంటే జనం కళ. 1936లో టోక్యోలో దానికోసం ఒక మ్యూజియం కూడా తెరిచారు.

[రంధ్రం లోపలి అంచు చూపించాలి]

మీరెప్పుడైనా ఇలాంటిది కొనాలనుకుంటే ముందు పొలుసుల పనితనం చూసి మురిసిపోకండి, ఈ రంధ్రం చూడండి. కడ్డీ ఒరుసుకుని ఒక పక్క అరిగి ఉండాలి, చెయ్యి పడే చోట నునుపు తేలాలి. అంతా ఒకే నలుపుగా, ఎక్కడా అరగకుండా ఉంటే నాకైతే అనుమానమే. కొన్నాక మాత్రం దయచేసి సబ్బు పెట్టి కడగొద్దు. ఆ పొగ పోతే మళ్లీ పట్టించడానికి ఆ పొయ్యి లేదు. పొడి గుడ్డతో మెల్లగా తుడవండి, చాలు.