పనైపోయినా పోని ప్రోగ్రాములు

శ్రోతలకు నమస్కారం. మొన్న నా కంప్యూటర్ మరీ నెమ్మదించిందని, అందులో ఏమేం ప్రోగ్రాములున్నాయో పట్టిక తెరిచి చూశాను. ఒక ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్ కనిపించింది. ఆ ప్రింటర్ పాడైపోయి, తీసి పారేసి ఏళ్ళయింది. దాని సాఫ్ట్‌వేర్ మాత్రం ఆన్ చేసిన ప్రతిసారీ లేచి, లేని ప్రింటర్ కోసం వెతుకుతోంది!

ఫైళ్ళు జిప్ చేసేవి, వీడియోలు ఆడించేవి, చెత్త ఊడ్చేవి... ఇలాంటి చిన్న ప్రోగ్రాములనే యుటిలిటీలు అంటాం. వాటి మేలు కాదనలేం. ఒకప్పుడు ఫ్లాష్ ప్లేయర్ లేనిదే ఇంటర్నెట్‌లో చాలా వీడియోలు ఆడేవి కావు. 2020 డిసెంబర్ 31తో అడోబీ సంస్థ దాన్ని ఆపేసింది. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా సరిచేసే బాధ్యత వాళ్ళది కాదు.

జిప్ లాంటివే అయిన రార్ ఫైళ్ళు విప్పే విన్‌రార్ కథ ఇంకా చిత్రం. ఏస్ అనే పాత రకం ఫైళ్ళు విప్పడానికి అది బయటివాళ్ళు రాసిన ఒక చిన్న భాగాన్ని వాడుకునేది. 2005 తర్వాత ఆ భాగం అప్‌డేటే కాలేదు. 2019లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు అందులో లోపం బయటపెట్టారు. ఏస్ ఫైలుకే రార్ అని పేరు తగిలించి పంపితే చాలు. మనం విప్పగానే, అందులో దాచిన ప్రోగ్రాము మనం చెప్పిన చోటికి కాకుండా స్టార్టప్ ఫోల్డర్‌లోకి జారుకునేది. ఈసారి కంప్యూటర్ ఆన్ చేస్తే దానంతటదే నడుస్తుంది. పోనీ సరిచేద్దామంటే, ఆ భాగం సోర్స్ కోడ్, అంటే దాన్ని రాసిన అసలు ప్రతి, విన్‌రార్ వాళ్ళ దగ్గరే లేదు! చివరికి ఏస్ ఫైళ్ళు విప్పడమే మానేసి కొత్త వెర్షన్ ఇచ్చారు. కానీ అది తనంతట తాను అప్‌డేట్ అయ్యే రకం కాదు. మనం తెచ్చి వేసుకుంటేనే కొత్తది.

అలాగని అప్‌డేట్‌ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. 2017లో, కంప్యూటర్‌లో చెత్త ఊడ్చే సీక్లీనర్ అసలు వెర్షన్‌లోనే దొంగ కోడ్ కలిసిపోయింది. ఆ సంస్థ సొంత సైట్ నుంచి తెచ్చుకున్నవాళ్ళకూ అదే అందింది. అందుకే నాకనిపిస్తుంది, వాడని యుటిలిటీని అప్‌డేట్ చేయడం కన్నా తీసేయడమే నయం. జిప్ ఫైళ్ళు విండోస్ ఎప్పటినుంచో విప్పుతోంది, 2023 నుంచి విండోస్ 11 రార్ ఫైళ్ళు కూడా విప్పుతోంది.

ఆ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తీసేశాను. వేగం పెరిగిందా అంటే, పెద్దగా లేదు. పట్టికలో దాని కిందే ఇంకో పేరు ఉంది. అదేం చేస్తుందో, ఎప్పుడు వేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.