పదకొండో తారీకు

(డిసెంబరు 9న ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమన్నది జాతి నిర్మూలన గురించి. ఆహ్వాన పత్రంలో మాత్రం 'మారణహోమాలపై అవగాహన' అని అచ్చయింది. నిర్వాహకులను తప్పుపట్టడం లేదు, మన పత్రికలు అలవాటు చేసిన మాట అది. బాంబు పేలినా మారణహోమమే, రెండు ముఠాలు నరుక్కున్నా మారణహోమమే. అందులో హోమం ఉంది, నరమేధంలో మేధం ఉంది. యాగశాల నుంచి అరువు తెచ్చుకున్న ఈ మాటలతో హంతకుడికి ఋత్విక్కు వేషం వేస్తున్నామేమోనని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

రఫేల్ లెమ్‌కిన్ అనే పోలండు యూదు న్యాయవాదికి ఈ నేరానికి పేరే లేదని తోచింది. 1944లో ఒక గ్రీకు ముక్కకు ఒక లాటిన్ ముక్క అతికి 'జెనోసైడ్', అంటే జాతి నిర్మూలన, అన్నాడు. పేరు పెట్టి ఊరుకోలేదు. ఐక్యరాజ్యసమితి వరండాల్లో ప్రతినిధుల వెంటపడి విసిగించి, చివరికి 1948లో సరిగ్గా ఈ తేదీన ఈ నేరాన్ని అడ్డుకునే ఒడంబడిక ఆమోదింపజేశాడు. దాని ప్రకారం లెక్క ఎంతమందిని చంపారన్నది కాదు. ఒక జాతినో, తెగనో, మతస్థులనో పూర్తిగా గానీ కొంత గానీ తుడిచిపెట్టాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు నా ఓటమి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీలో ఇదే అంశం మీద ఫోటో ప్రదర్శన పెట్టాం. గుట్టలుగా శవాలు, పుర్రెలు, గోతులు. పిల్లలు లోపలికి వచ్చారు, అర నిమిషం చూశారు, బయటకు వెళ్లిపోయారు. ఒక అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏకంగా పరుగెత్తింది. చూసినవాళ్ల సంతకాల పుస్తకం తిరగేస్తే 'చాలా బాగుంది సార్' అని ఉంది. బాగుండటం ఏమిటి? ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లో ఉంది. ఎప్పుడు కంటపడినా సిగ్గేస్తుంది.

అందుకే ఈసారి ఫోటోలు తేలేదు. ఈ దిండు గలీబు తెచ్చాను. మా అమ్మ కుట్టింది. ఈ మూల గులాబీ, కింద నా పేరులో మొదటి అక్షరం. ఒకప్పుడు మన ఇళ్లలో ఆడపిల్లలు ఇలాంటివి కుట్టేవాళ్లు, పెళ్లయితే సారెతో పాటు వెళ్లేవి. యూరప్‌లో, ఒకప్పటి యుగోస్లావియా నుంచి విడిపోయిన బోస్నియాలో టుజ్లా అనే పట్టణం ఉంది. అక్కడ కొందరు ఆడవాళ్లు ఇలాంటి దిండు గలీబుల మీద పువ్వులకు బదులు పేర్లు రాసి కుట్టారు. కొడుకు పేరు, పుట్టిన సంవత్సరం. భర్త పేరు, పుట్టిన సంవత్సరం. వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టి, ప్రతి నెలా పదకొండో తారీకున చేతుల్లో పట్టుకుని ఊరి మధ్యగా నడిచారు.

పదకొండే ఎందుకంటే, బోస్నియా యుద్ధంలో 1995 జులై 11న స్రెబ్రెనిత్సా అనే ఊరు శత్రువుల చేతికి చిక్కింది కాబట్టి. అంతకు రెండేళ్ల ముందే ఐక్యరాజ్యసమితి ఆ ఊరిని 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించింది. కాపలాకు డచ్చి సైనికులు ఉన్నారు. రాత్కో మ్లాదిచ్ నాయకత్వంలోని బోస్నియా సెర్బు సైన్యం ఊళ్లోకి వచ్చింది. ఆడవాళ్లను, చిన్నపిల్లలను బస్సుల్లో పంపించేసి, బోస్నియా ముస్లిములైన మగవాళ్లను, మగపిల్లలను విడదీసి కొద్ది రోజుల్లో 8,000 మందికి పైగా చంపింది. గుంతల్లో పూడ్చింది. రెండు మూడు నెలలకు జాడ తెలియకుండా ఉండాలని బుల్‌డోజర్లతో ఆ గుంతలను తవ్వి, శవాలను వేరే చోట్లకు తరలించింది. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరకడానికి కారణం ఇదే.

బస్సులు దిగిన ఆడవాళ్లు టుజ్లా పరిసరాల్లో శరణార్థులుగా మిగిలారు. మగవాళ్లు ఏమయ్యారో చెప్పే దిక్కు లేదు. 1996 మొదట్లో రెడ్‌క్రాస్ కార్యాలయం మీదికి వెళ్లి కిటికీల అద్దాలు పగలగొట్టారు. వాళ్లలో చాలామంది పల్లెటూరి ఇల్లాళ్లు. అర్జీ రాయడం, వేదిక ఎక్కి మాట్లాడటం వాళ్ల జీవితంలో లేని పనులు. అద్దాలు పగలగొట్టిన కోపం గలీబుల దగ్గరికి ఎలా వచ్చిందో ఆలోచిస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. కోపం తగ్గి కాదు, కోపాన్ని నెలనెలా ఖర్చుపెట్టుకోవడం నేర్చుకున్నారు.

నెలనెలా అన్నది తేలికగా తీసుకోకండి. మొదటి నెల కెమెరాలు వస్తాయి. ఏడో నెల వాన పడుతుంది. ఐదో ఏడు మీలో ఒకరు చనిపోతారు, కొడుకు ఎముక దొరకకుండానే. ఆ ఊరి దుకాణదారుకు మీరు క్యాలెండరులో తేదీ లాంటివాళ్లు అయిపోతారు. అయినా నడవాలి. మన దగ్గర ఉద్యమం అంటే పోస్టరు ఆవిష్కరణ, కొవ్వొత్తుల ప్రదర్శన, మర్నాడు పేపర్లో ఫోటో. అక్కడితో సరి. నేనూ ఆ బాపతే, అందుకే చెబుతున్నాను.

ఈలోగా ఆ తల్లులు, అక్కచెల్లెళ్లు, బతికిన బంధువులు రక్తం ఇచ్చారు. ఇరవై వేల మందికి పైగా. ఆ నమూనాలను ఎముకల డీఎన్ఏతో పోల్చి దాదాపు 7,000 మందిని గుర్తించారు. ఒక తల్లికి కబురు వస్తుంది: మీ అబ్బాయి దొరికాడు, ఒక తొడ ఎముక, కొన్ని పక్కటెముకలు. ఇప్పుడే ఖననం చేస్తారా, మిగతావి దొరికేదాకా ఆగుతారా? జవాబు ఆమే చెప్పాలి. కొందరు ఆగారు. కొందరు ఖననం చేశాక మరో ఎముక దొరికి సమాధి మళ్లీ తెరిపించారు.

హతీజా మెహ్మెదోవిచ్ అని ఒకావిడ ఉండేది. భర్త, ఇద్దరు కొడుకులు పోయారు. యుద్ధం అయ్యాక ఆమె స్రెబ్రెనిత్సాకే తిరిగి వెళ్లి తన ఇంట్లోనే ఒంటరిగా కాపురం పెట్టింది. అసలు ఏమీ జరగలేదని వాదించేవాళ్లు ఉన్న ఊళ్లో అంగడికి వెళ్లి రొట్టె కొనుక్కోవడం కూడా ఒక ప్రచారమే. 2018లో కన్నుమూసింది.

యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన హేగ్ ట్రిబ్యునల్ 2001లో ఇది జాతి నిర్మూలనేనని తేల్చింది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం అదే మాట అంది. మ్లాదిచ్‌కు పడిన యావజ్జీవ శిక్ష 2021లో ఖరారైంది. జులై 11ను స్మారక దినంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ గుర్తించింది మాత్రం 2024 మేలో. అనుకూలంగా 84 ఓట్లు, వ్యతిరేకంగా 19, తటస్థంగా 68. గలీబులు పట్టుకుని నడిచినవాళ్ల తేదీ ప్రపంచ క్యాలెండరులోకి ఎక్కడానికి ఇంచుమించు ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

కాఫీ సంగతి చెప్పాలి. బోస్నియాలో కాఫీ అంటే మన ఫిల్టర్ కాఫీ కాదు. రాగి గిన్నెలో మరిగించి, పిడి లేని చిన్న పింగాణీ కప్పుల్లో పోస్తారు. ఆ కప్పును ఫిల్జాన్ అంటారు. తాగడం వంక, ముఖ్యం కబుర్లు. భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ, తనకు అన్నింటికన్నా వెలితిగా అనిపించేది ఆయనతో కూర్చుని కాఫీ తాగడమేనని అన్నదట. ఐదా షెహోవిచ్ అనే కళాకారిణి ఆ మాట పట్టుకుని కుటుంబాల నుంచి కప్పులు సేకరించింది. 2006లో సరయెవోలో మొదలుపెట్టి, ఏటా ఒక నగరం చొప్పున కూడలిలో పరిచింది. అక్కడే కాఫీ కాస్తారు. దారిన పోయేవాళ్లు ఆగి, కప్పు తీసుకుని, కాఫీ పోసి, నేల మీద పెట్టి వెళ్లిపోతారు. ఎవరూ తాగరు. పేరు 'ష్తో తె నేమా'. మన మాటల్లో, నువ్వెందుకు లేవు?

నేను కాలేజీలో ఎక్కడ దెబ్బతిన్నానో ఇది చదివాక అర్థమైంది. శవం ఫోటో చూసినవాడికి చేయడానికి ఏమీ లేదు, పారిపోవడం తప్ప. కప్పు చేతికిస్తే ఒక పని ఉంది. వంగాలి, పోయాలి, పెట్టాలి. వంగినప్పుడు పక్కవాణ్ణి అడుగుతాడు, ఇవి ఎన్ని కప్పులండీ అని. 2020లో స్రెబ్రెనిత్సా పక్కనే ఉన్న పొతొచారి స్మారక స్థలానికి చేరేసరికి అవి 8,372 దాటాయి. అక్కడి రాతి మీద ఉన్న మృతుల అంకె అది.

పక్క దేశం సెర్బియాలోనూ ఈ పని చేసినవాళ్లున్నారు. బెల్‌గ్రేడ్‌లో 'నల్లదుస్తుల స్త్రీలు' అనే బృందం ఏటా జులై 10న కూడలిలో మౌనంగా నిలబడుతుంది. 2010లో జనాన్ని చెప్పుల జతలు ఇమ్మని అడిగి వీధిలో వరుసగా పెట్టారు. తిట్లు తిన్నారు, దెబ్బలూ తిన్నారు. నా దృష్టిలో అన్నింటికన్నా కష్టమైన ప్రచారం వీళ్లది. పోగొట్టుకున్నవాళ్లు ఏడిస్తే లోకం వింటుంది. చంపినవాళ్ల తరఫు మనిషి 'మనవాళ్లే చేశారు' అంటే ఇంట్లో కూడా అన్నం పెట్టరు.

ప్రచారం చేసేవాళ్లు కాలు జారే చోట్లు రెండున్నాయి. ఒకటి అంకె. సూడాన్‌లోని దార్ఫుర్ ప్రాంతంలో జరిగిన హత్యలను ఆపాలని అమెరికాలో 2004 తర్వాత పెద్ద ఉద్యమం నడిచింది. సభలు, పోస్టుకార్డులు, సినిమా తారలు. వాళ్ల ప్రకటనలో నాలుగు లక్షల మంది చనిపోయారని ఉంది. దాన్ని తేలిన నిజంలా చెప్పడం తప్పని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ 2007లో తప్పుపట్టింది. దార్ఫుర్‌లో ఘోరం జరగలేదా? జరిగింది. కానీ ఎదుటివాడికి వేలు పెట్టడానికి సందు దొరికింది.

రెండోది మాట. బోస్నియాలోనే ప్రియెదోర్ అనే పట్టణంలో 1992 మే 31న సెర్బేతరులు ఇళ్లకు తెల్లగుడ్డ కట్టాలని, బయటికొస్తే చేతికి తెల్లపట్టీ వేసుకోవాలని ఆదేశించారు. తర్వాత శిబిరాలు, హత్యలు. 102 మంది పిల్లలు చనిపోయారు. హేగ్ ట్రిబ్యునల్ అక్కడి హత్యాకాండను నేరంగా శిక్షించింది గానీ, జాతి నిర్మూలన అని తీర్పు ఇవ్వలేదు. ఇందాక గుర్తుంచుకోమన్న ఉద్దేశం దగ్గరే అది ఆగింది. ఆ తీర్పుతో తల్లిదండ్రులు కుంగిపోయి ఉంటారు. కానీ 2012 నుంచి ఏటా మే 31న తెల్లపట్టీలు కట్టుకుని వస్తూనే ఉన్నారు, పిల్లల పేరున ఒక స్మారకం కట్టమని అడుగుతూనే ఉన్నారు. మొదటి ఏడు కూడలిలో ఒక్కడే నిలబడ్డాడు.

మన దేశం ఈ ఒడంబడికను 1959లో ధ్రువీకరించింది. దానికి తగ్గ ప్రత్యేక చట్టం మాత్రం చేసుకోలేదు. ఇది నా ఆరోపణ కాదు. 1984 సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో, జాతి నిర్మూలన మన దేశ చట్టంలో భాగం కాలేదని, ఆ లోటు త్వరగా పూడ్చాలని స్పష్టంగా రాసింది. న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలు ఆ తీర్పు తెచ్చుకుని చదవండి, పొడుగని భయపడకండి.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. బయట కాఫీ సిద్ధంగా ఉందట, ప్రశ్నలు అక్కడ అడగండి. ఈ గలీబును మాత్రం ఎవరూ సభ బల్ల మీది గుడ్డ అనుకుని మడతపెట్టేయకండి, నేను ఇంటికి పట్టుకెళ్లాలి.