ఆ 'టక్' శబ్దం డిస్కుది కాదు

నమస్కారం. మా ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టిన ఒకాయన ఉండేవాడు. అదే ఆయన అర్హత. ఎవరికి నడుము పట్టేసినా తెల్లవారకముందే వెళ్ళి ఆయన గుమ్మం ముందు బోర్లా పడుకునేవారు. ఆయన నిద్రమొహంతోనే వచ్చి, కాలితో నడుము మీద మూడుసార్లు తన్ని, మళ్ళీ వెళ్ళి పడుకునేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. మా నాయనమ్మ కూడా తన్నించుకుంది, తగ్గింది. తగ్గడానికి పది పన్నెండు రోజులు పట్టిందన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఆ గుమ్మం మన ఫోనులోకి వచ్చింది. బల్ల మీద ఒక మనిషి పక్కకు తిరిగి పడుకుని ఉంటాడు. తెల్లకోటు ఆయన ఆ మనిషి మోకాలు మడిచి, భుజాన్ని వెనక్కు నెట్టి, ఒక్క కుదుపు కుదుపుతాడు. టక్! ఆ చప్పుడు బాగా వినబడాలని మైకు కూడా పెడతారు. కింద అక్షరాలు పడతాయి: 'ఆపరేషన్ లేకుండా డిస్కు అరుగుదల నయం'. ఈ పద్ధతి పేరే కైరోప్రాక్టిక్. నేను డాక్టరును కాను. నడుము నొప్పి పడి, ఆ బల్ల మీద పడుకుని, తరువాత దాని గురించి చదివినవాణ్ణి. ఆ హోదాలోనే మాట్లాడుతున్నాను.

ముందు డిస్కు సంగతి. లేత తాటిముంజె తిన్నారు కదా? వేలు పెడితే లోపల నీళ్ళు కదులుతాయి. అదే ముంజె ముదిరితే గట్టిపడి, నీరు ఇంకిపోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు కథ కూడా ఇంచుమించు అదే. బయట పొరలు పొరలుగా గట్టి వలయం, లోపల నీరు పట్టి ఉంచే గుజ్జు. మన వెన్నులో ఇలాంటివి 23 ఉంటాయి. పెద్దవాళ్ళలో డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి మెల్లగా ఊరే పోషకాలతోనే అది బతకాలి. అందుకే వయసుతో పాటు ఎండుతుంది, పలచబడుతుంది, కొంచెం ఉబ్బుతుంది. రోజంతా బరువు మోసి నొక్కుకుపోయి, రాత్రి పడుకున్నాక మళ్ళీ నీరు పీల్చుకుంటుంది. ఉదయం లేవగానే మనం రాత్రి కంటే ఓ సెంటీమీటరు పొడుగ్గా ఉండటానికి కారణం అదే.

మనవాళ్ళు 'వెన్నుపూసల మధ్య గ్యాప్ వచ్చిందట' అంటారు. నిజానికి జరిగేది దానికి తలకిందులు. గ్యాప్ రావడం కాదు, ఉన్న గ్యాప్ తగ్గడం. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో కానీ, ఇంటింటా స్థిరపడిపోయింది.

ఇప్పుడు భయం సంగతి. నా ఎమ్మారై రిపోర్టులో 'ఎల్ 4, ఎల్ 5 మధ్య డీజెనరేటివ్ మార్పులు, డిస్కు ఉబ్బు' అని రాసి ఉంది. అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య అరుగుదల. డీజెనరేటివ్ అన్న మాట చదవగానే నా వెన్ను పుచ్చిపోయినట్టే అనుకున్నాను. చాలా ఆలస్యంగా తెలిసిందేమిటంటే, 2015లో వెలువడిన ఒక సమీక్షలో, నడుము నొప్పే లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూశారు. నొప్పి లేనివారు, మళ్ళీ చెబుతున్నాను. ఇరవై ఏళ్ళవారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. యాభై ఏళ్ళకు 80 శాతం, ఎనభై ఏళ్ళకు 96 శాతం. అంటే నాకు నొప్పి లేని రోజున స్కానింగు తీసినా రిపోర్టు బహుశా ఇలాగే వచ్చేది.

ఆ రిపోర్టు పట్టుకుని నేను ఒక కేంద్రానికి వెళ్ళాను. పేరు చెప్పను. అక్కడాయన ఫిల్మును వెలుతురుకు పెట్టి, నాలుక చప్పరించి, 'ఇలాగే వదిలేస్తే ఆరు నెలల్లో ఆపరేషనే' అన్నాడు. ఆ తరువాత కాలిక్యులేటర్ తీశాడు. ఇరవై నాలుగు సిట్టింగులు, ముందే కడితే తగ్గింపు. నేను నాలుగింటికే కట్టాను. మొదటి రోజు టక్, టక్ అని రెండు చప్పుళ్ళు. 'విన్నారా, డిస్కు లోపలికి వెళ్ళింది' అన్నాడు. సాయంత్రానికి ఎంత తేలికగా ఉందంటే, ఇంటికి వెళ్ళి మా ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను. మర్నాడు ఉదయం బ్రష్ చేసుకోవడానికి వంగేసరికి నొప్పి తన చోటికి తాను వచ్చి కూర్చుంది.

మరి ఆ చప్పుడు ఏమిటి? వెన్నుపూసలకు వెనకవైపు చిన్న చిన్న కీళ్ళు ఉంటాయి. వాటిలో జిగురు ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా విడదీస్తే లోపల ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలి కీళ్ళను ఎమ్మారైలో పెట్టి లాగి, ఆ ఖాళీ ఏర్పడే క్షణాన్ని 2015లో చిత్రీకరించారు కూడా. డిస్కు పైనా కిందా ఎముకలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. సబ్బుబిళ్ళలా జారేదీ కాదు, వేలితో తోస్తే లోపలికి వెళ్ళేదీ కాదు. ఎండిన గుజ్జులోకి నీరు మళ్ళీ తెచ్చే చేతినేర్పు ఇంతవరకు ఎవరికీ లేదు.

ఈ వైద్యం పుట్టుక కూడా వినదగ్గదే. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణం. డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అప్పటిదాకా అయస్కాంత వైద్యం చేసేవాడు. తానున్న భవనంలో పనిచేసే హార్వే లిల్లార్డ్‌కు చెవుడు. పామర్ అతని వెన్నుపూసను ఒకదాన్ని నొక్కితే వినికిడి వచ్చిందట. చెవి నరం పుర్రె లోపలే ఉంటుంది, వెన్నుపూసల దారిలోకి రానే రాదు. అయినా దాని మీదే ఒక సిద్ధాంతం లేచింది. రోగాల్లో 95 శాతం పక్కకు జరిగిన వెన్నుపూసల వల్లేనని పామర్ రాసుకున్నాడు. ఇప్పటి కైరోప్రాక్టర్లలో చాలామంది అంత దూరం వెళ్ళరు, నడుమూ మెడా చూసుకుంటారు. అమెరికాలో దీనికి నాలుగేళ్ళ డాక్టర్ కోర్సు, రాష్ట్రాల లైసెన్సు ఉన్నాయి. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇన్సూరెన్సు మీదే వెళ్ళివస్తుంటాడు. మన దేశంలో ఈ వృత్తికంటూ ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. బోర్డు మీద కైరోప్రాక్టర్ అని ఉన్నంత మాత్రాన అందరూ ఒకే చదువు చదివారనుకోవద్దు. ఏం చదివారు, ఎక్కడ, ఎన్నేళ్ళు అని అడగండి. మొహమాటం దేనికి? వెన్ను మనది.

అయితే ఇదంతా మోసమేనా? కాదు, అలా అంటే నేనూ అబద్ధం చెప్పినట్టే. ఆ సాయంత్రం నాకు తగ్గింది నిజం. బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి సంకేతాలు కొంతసేపు మందగిస్తాయి, ఒక మనిషి చేయి వేసి శ్రద్ధగా చూడటమూ పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన నడుము నొప్పి మీద జరిగిన 26 అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే, ఇలా చేత్తో వెన్ను సవరించడం వల్ల, నొప్పిని నూరు మార్కులకు కొలిస్తే ఓ పది మార్కులు తగ్గాయి. పది. సున్నా కాదు, నూరూ కాదు. అదే ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో కాపడం, మర్దనా, ఆక్యుపంక్చర్‌లతో పాటు దీన్నీ చేర్చింది. బ్రిటన్‌లో 2016 మార్గదర్శకాలు మాత్రం ఒక మెలిక పెట్టాయి: వ్యాయామంతో కలిపితేనే చేయించుకోండి, ఒక్కటే వద్దు అని. నాకు ఆ మెలిక నచ్చింది. ఇక 'డీకంప్రెషన్ టేబుల్' అని పెద్ద ధర చెప్పే యంత్రం, మోటారు పెట్టిన ట్రాక్షనే, అంటే నడుమును లాగి సాగదీయడమే. దీర్ఘకాలిక నడుము నొప్పికి ట్రాక్షన్ మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

నన్ను ఎక్కువగా బాధించేది 'ఆపరేషన్ లేకుండా' అనే మాటే. డిస్కు అరిగినవారిలో అత్యధికులకు అసలు ఆపరేషన్ అవసరమే రాదు. బయటకు పొడుచుకువచ్చిన గుజ్జును కూడా చాలామందిలో శరీరం నెలల వ్యవధిలో తానే కరిగించుకుంటుంది. లేని ఆపరేషన్‌ను చూపించి, దాన్నుంచి కాపాడానంటే ఎలా? కాలిలోకి లాగే తీవ్రమైన నొప్పి వారాలతరబడి తగ్గనివారి లెక్క వేరు. నెదర్లాండ్స్‌లో అలాంటి 283 మందిని వెంటనే ఆపరేషన్ చేసేవారు, ఆగి చూసేవారు అని రెండు గుంపులు చేసి జరిపిన అధ్యయనం 2007లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి ఉపశమనం త్వరగా దొరికింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేచోట ఉన్నాయి. కానీ ఆగి చూద్దామన్నవారిలో పదిమందికి నలుగురు ఆ ఏడాదిలోనే ఆపరేషన్‌కు వెళ్ళారు. అలా వెళ్ళడం ఓటమి కాదు.

ఇప్పుడు చెప్పేది కొంచెం నెమ్మదిగా వినండి. మూత్రం రావడం లేదు లేదా తెలియకుండా పోతోంది, సైకిలు సీటు తగిలేచోట స్పర్శ తెలియడం లేదు, పాదం పైకి లేవడం లేదు, రెండు కాళ్ళూ నీరసపడుతున్నాయి అంటే ఏ బల్లా ఎక్కకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. అక్కడ గంటలు లెక్క. నడుము నొప్పితో జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చినా ముందు డాక్టరుకే చూపించాలి. ఎముకలు గుల్లబారిన అమ్మలకు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారికి, రక్తం పలచబడే మందులు వేసుకునేవారికి గట్టి కుదుపులు వద్దు. మెడను ఒక్కసారిగా తిప్పి విరవడం నేనైతే ఎవరికీ చెప్పను. అరుదే అయినా, మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

నా నాలుగు సిట్టింగులు అయిపోయాక ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకున్నాను. ఏడో వారానికి నొప్పి పోయింది. వ్యాయామం వల్లా, రోజులు గడవడం వల్లా? నిజాయితీగా చెప్పలేను. ఇరవై నాలుగు సిట్టింగులకూ కట్టి ఉంటే మాత్రం ఆ ఏడో వారం ఘనత ఎవరి ఖాతాలో వేసేవాణ్ణో నాకు బాగా తెలుసు.

అన్నట్టు, మా ఊరి ఎదురుకాళ్ళాయనకు చివరి రోజుల్లో నడుము నొప్పి వచ్చింది. ఆయన్ను తన్నేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. బస్సెక్కి గుంటూరు వెళ్ళి చూపించుకుని వచ్చాడు. ఆ తరువాత రోజూ కాలువగట్టు మీద చేతికర్రతో కనిపించేవాడు. ఎక్కడికి తాతా అంటే, 'ఎక్కడికీ లేదురా, డాక్టరు నడవమన్నాడు' అనేవాడు.