పార్కు చెరువు తోడితే సరిపోదు, ఎండాలి

(దృశ్యం: తెల్లవారుజాము. పార్కు చెరువు గట్టు. నీటి మీద పచ్చటి పొర. నోళ్లు తెరిచి పైకి తేలిన చేపలు.)

నమస్కారం అండి. ఈ చేపల్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఇవి ఊపిరాడక పైకి వచ్చాయి.

భీమవరం, ఆకివీడు వైపు చెరువులు చేసేవాళ్లకి ఈ దృశ్యం కనబడితే గుండె గుభేలుమంటుంది. పరుగున వెళ్లి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. పార్కు చెరువులో చేపలకి అలా పరుగెత్తేవాళ్లు ఎవరూ ఉండరు.

నీళ్లు పచ్చగా కనబడేది అందులోని పాచి వల్ల. పగలు ఎండలో అదే ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి మాత్రం అదీ మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు హాయిగా ఉండాలంటే లీటరు నీటికి 4, 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. కొర్రమీను, మార్పు అనే చేపలైతే నేరుగా గాలి కూడా పీల్చుకోగలవు. అందుకే చెరువు చెడే కొద్దీ చివరికి అవే మిగులుతాయి.

(దృశ్యం: వెదురు కర్రతో అడుగున కదిపితే బుడగలు, నల్లటి బురద.)

అసలు జబ్బు నీళ్లలో లేదండి, అడుగున ఉంది. ఆకులు, గుర్రపు డెక్క కుళ్లిన ముద్ద, మురుగు, వినాయక నిమజ్జనంలో కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అన్నీ అక్కడే పేరుకుంటాయి. గాలి తగలని చోట కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఉండేది కాల్షియం సల్ఫేట్ కాబట్టి ఆ వాయువు పుట్టడానికి కావలసిన గంధకం అందులోంచి కూడా వస్తుంది. బురదకి ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్ వల్ల.

కాబట్టి మందులు చల్లితే పాచి కొన్నాళ్లు తగ్గుతుంది కానీ అడుగు బాగుపడదు. ఎప్పుడో ఒకప్పుడు చెరువు తోడాల్సిందే.

ఎప్పుడు తోడాలి? గోదావరి డెల్టాలో చెరువుల క్యాలెండర్ 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచీ కాలువల చేతిలోనే ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోగా ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు, వానలూ మొదలవుతాయి. మధ్యలో దొరికే ఆ కొద్ది వారాలే మన గడువు. ఫైలు కదిలి, టెండరు పూర్తయి, మే నెల చివర్లో ఇంజన్లు దింపితే ఆ ఏడాది పని చెడినట్టే. అప్పుడు మొదలుపెట్టేకన్నా మరుసటి ఏడు చేయడం మేలని నా అభిప్రాయం.

ఒక లెక్క చూద్దాం. పదెకరాల చెరువు, సగటు లోతు మీటరున్నర అనుకోండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మొత్తం సుమారు 6 కోట్ల లీటర్ల నీళ్లు. సెకనుకి 50 లీటర్లు తోడే ఇంజను ఒకటి పగలూ రాత్రీ ఆడితే రెండు వారాలు పడుతుంది. నాలుగు ఇంజన్లు పెట్టి నాలుగు రోజుల్లో లాగేద్దామా అంటే వద్దు. గట్టు మట్టి నీరు పీల్చుకుని బరువుగా ఉంటుంది. ఎదురుగా ఒత్తి పట్టే నీళ్లు ఒక్కసారిగా పోతే రాతికట్టు జారిపోతుంది. పైగా డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, ఊట వస్తూనే ఉంటుంది. అందుకని అడుగున చిన్న కాలువ తవ్వి, ఆ ఊటని ఒక గుంటలోకి చేర్చి తోడుతూనే ఉండాలి.

తోడిన నీళ్లు మురుగు డ్రెయిన్‌లోకే వెళ్లాలి, పంట కాలువలోకి కాదు. ఆ కాలువ నీళ్లు దిగువ ఊళ్లవాళ్లు తాగుతారండి.

(దృశ్యం: మోకాళ్ల లోతు నీళ్లలో వల లాగుతున్న మనుషులు.)

నీళ్లు సగానికి దిగగానే వలలు దింపాలి. అడుగంటేదాకా ఆగితే బురద కలిసి చేపలు చచ్చిపోతాయి. అక్వేరియంలో పెంచి ఎవరో తెచ్చి వదిలేసిన దెయ్యం చేపలు దొరికితే జాలిపడి కాలువలో వేయకండి, గట్లు తొలిచేస్తాయి. మన నాటు తాబేళ్లు కనబడితే అటవీ శాఖకి ఫోన్ చేయండి. వాటికి చట్టరక్షణ ఉంది.

బురదలోకి మనుషులు దిగే ముందు ఒక్క మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకి వాసన తెలియకుండా పోతుంది. కంపు తగ్గిందంటే గాలి బాగుపడిందని కాదు. తూము గోతుల్లోకి, పైపుల్లోకి గ్యాస్ మీటరు పెట్టి చూడకుండా ఎవరినీ దింపకూడదు. ఇక్కడ పొదుపు చేస్తే మనిషి ప్రాణం పోతుంది.

ఇప్పుడు అసలు పని. ఎండబెట్టడం.

మా బాబాయి రొయ్యల చెరువులు చేస్తాడు. పంట తీశాక నీళ్లు పూర్తిగా తోడి, అడుగు బీటలు వారేదాకా వదిలేస్తాడు. తర్వాత ఒక మట్టిగడ్డ తీసి నా చేతికిచ్చి పగలగొట్టమంటాడు. లోపల ఇంకా నల్లగా ఉంటే ఇంకా ఎండాలని అర్థం. బూడిద రంగులోకో గోధుమ రంగులోకో మారితే గాలి లోపలిదాకా వెళ్లిందన్నమాట. బీటల్లోంచి ఆక్సిజన్ దిగి, కుళ్లని సరుకుని కూడా కుళ్లబెట్టి అరగదీస్తుంది. ఆ తర్వాతే ఆయన సున్నం చల్లుతాడు, దున్నుతాడు.

పార్కు చెరువుకీ ఇదే వైద్యం. కానీ ఇక్కడే తొందరపడతారు. కంపు వస్తోందని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవ చేస్తారు. వాళ్ల బాధ నిజమే, మొదటి వారం భరించడం కష్టం. కానీ ఎండ బాగా కాస్తే ఆ వాసన తగ్గిపోతుంది. మూడు వారాలు ఓపిక పట్టండి, దయచేసి.

ఎండితే ఇంకో లాభం ఉంది. పదెకరాల మీద ఒక్క అడుగు పూడిక తీసినా 12,000 ఘనపు మీటర్లు దాటుతుంది. ఆరు ఘనపు మీటర్ల టిప్పర్లకి 2,000 ట్రిప్పులు. తడి బురద అయితే అందులో సగం పైగా నీళ్లే మోస్తాం, రోడ్డంతా కారుతుంది. ఊరి చెరువు ఒండ్రు పొలానికి బలం. పట్నం చెరువు మట్టి అలా కాదు, విగ్రహాల రంగుల్లోని సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. ల్యాబ్ పరీక్ష చేయించకుండా ఏ రైతుకీ ఇవ్వకూడదు.

లోతు పెంచుతామని జేసీబీతో ఇష్టం వచ్చినట్టు తవ్వడం కూడా ప్రమాదమే. అడుగున ఉన్న బంకమట్టి పొరే నీళ్లని నిలబెడుతుంది. అది తెగితే కింద ఇసుక తగులుతుంది. నీళ్లు ఇంకిపోతాయి, సముద్రం వైపైతే ఉప్పునీరు పైకి ఊరుతుంది.

నీళ్లు నింపేటప్పుడు తూము దగ్గర సన్న కన్ను వల కట్టాలి. మొదటి రోజుల్లో నీళ్లు కాస్త పచ్చబడతాయి. ఎండిన మట్టిలోంచి పోషకాలు వదులుతాయి కాబట్టి అది మామూలే, టెన్షన్ పడకండి. చేపపిల్లల్ని మాత్రం వెంటనే వదలకండి.

(దృశ్యం: ఎండిన చెరువు. గట్టు గోడ వెంబడి నడుస్తున్న మనిషి. గోడలో తెరుచుకున్న పైపు.)

చెరువు ఎండి ఉన్న రోజుల్లో మీరు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. పార్కు సిబ్బందిని అడిగి, వాళ్లతో కలిసి గట్టు వెంబడి ఒక చుట్టు తిరగండి. నిండుగా ఉన్నప్పుడు నీళ్ల కింద దాగిన పైపులన్నీ ఇప్పుడు బయటపడతాయి. వాననీళ్లవి ఏవో, ఇళ్ల మురుగు తెచ్చేవి ఏవో పట్టుకోవడం తేలిక. వాన లేని రోజున కూడా కారుతున్న పైపు మురుగుది కావచ్చు. ప్రతి దానికీ నంబరు వేసి ఫోటో తీయండి. కాలువలకి నీళ్లు వదలకముందే ఆ ఫోటోలు మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. నీళ్లు వచ్చాక ఆ పైపులు మళ్లీ కనబడవు.